హైడ్రోపోనిక్స్‌లో వేరుకుళ్ళు: బెంగళూరు మిద్దెల మీద

మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీటిలో పెంచే మొక్కలకు వచ్చే రోగాల్లో వేరుకుళ్ళు మొదట చెప్పుకోవలసినది, అన్నిటికన్నా మొండిది. వేళ్ళు తెలుపు పోయి గోధుమ రంగుకు తిరుగుతాయి, జిగురు పడతాయి, చివరికి పీచులా విడిపోతాయి. ఆకులు మాత్రం ఈ కబురు చాలా ఆలస్యంగా చెబుతాయి. మధ్యాహ్నం తల వాల్చి సాయంత్రానికి తేరుకునే మొక్క, రెండు మూడు రోజులయ్యాక తేరుకోవడం మానేస్తుంది. అప్పటికి నీటి అడుగున జరగవలసింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది. తెలుగు రైతుకు ఈ శత్రువు కొత్తదేమీ కాదు. మిరప, టమాటా, పొగాకు నారుమళ్ళను రాత్రికి రాత్రి పడుకోబెట్టే నారుకుళ్ళు, పసుపు, అల్లం దుంపలను మెత్తబరిచే దుంపకుళ్ళు, వీటి వెనకున్న పిథియమే ఇక్కడా ప్రధాన నిందితుడు. తడి నేలలో కష్టపడి ఈదే ఆ సూక్ష్మజీవికి హైడ్రోపోనిక్ తొట్టి ఏకంగా ఈతకొలను.

మట్టి లేని సాగు ఇళ్ళ మిద్దెల మీదికి, అపార్టుమెంట్ల బాల్కనీల్లోకి, శివార్ల పాలీహౌస్‌లలోకి బాగా పాకిన మన నగరాల్లో బెంగళూరు ఒకటి. నగరం అంచున హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. 1967లో మొదలైన ఈ సంస్థ కొబ్బరి పొట్టులో కూరగాయలు పెంచే పద్ధతుల మీద పనిచేసి, పులియబెట్టిన కోకోపీట్‌ను, మేలు చేసే సూక్ష్మజీవుల మిశ్రమాన్ని ‘అర్కా’ పేరుతో అందుబాటులోకి తెచ్చింది. ఆ పొట్టునిచ్చే కొబ్బరి తోటల తుమకూరు, తిపటూరు పక్కనే ఉన్నాయి. వీటన్నిటికీ తోడు ‘చల్లని ఊరు’ అన్న పేరు. ఆ పేరును నమ్ముకునే చాలామంది ఇక్కడ మొదటి పంట పోగొట్టుకుంటారు.

ఊపిరాడని వేరు

వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. ఆకు పంపిన చక్కెరను ఆక్సిజన్‌తో మండించుకుని, ఆ శక్తితోనే లవణాలను లోపలికి లాక్కుంటుంది. మట్టిలో రేణువుల సందుల్లో గాలి ఉంటుంది. నీటిలో మునిగిన వేరుకు కరిగిన ఆక్సిజన్ తప్ప మరో దారి లేదు, అది ఉండేదే కొంచెం. సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల సెల్సియస్ నీరు లీటరుకు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 25 డిగ్రీలకు అది 8.3కు, 30 డిగ్రీలకు 7.6కు దిగుతుంది. బెంగళూరు 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, గాలి ఒత్తిడి తక్కువ. కాబట్టి ఈ అంకెలన్నిటిలోంచి పదో వంతు తీసేయాలి. విజయవాడలో 7.6 పట్టుకునే 30 డిగ్రీల నీరు బెంగళూరులో 6.8 దగ్గరే ఆగిపోతుంది. ఇదంతా గాలితో బాగా చిలికిన నీటి లెక్క. కదలని తొట్టిలో, వేళ్ళు జడలా అల్లుకున్న పైపులో ఇందులో సగమైనా మిగలకపోవచ్చు. లెట్యూస్ వంటి ఆకుకూరలకు లీటరుకు 5, 6 మిల్లీగ్రాముల కన్నా తగ్గనివ్వకూడదు.

అసలు చిక్కు మరొకటుంది. నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, అదే వేడికి వేరు ఆకలి పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే శ్వాస ఇంచుమించు రెట్టింపవుతుంది. జీతం కోత పడిన నెలలోనే పెళ్ళిళ్ళన్నీ వచ్చినట్టు. ఊపిరాడని వేరు కణాల పొరలు సడలి, లోపలి చక్కెరలు, అమైనో ఆమ్లాలు నీటిలోకి కారతాయి. పిథియానికి అదే ఆహ్వానపత్రం. అందుకే వేరుకుళ్ళును క్రిమి తెచ్చే రోగంగా మాత్రమే చూసేవాళ్ళు మందుల వెంట పడతారు, ఊపిరి కథగా చూసేవాళ్ళు ముందు థర్మామీటరు కొంటారు. ఈ వ్యాసకర్త ఓటు రెండోవాళ్ళకే.

బెంగళూరులో నమోదైన అత్యధిక పగటి ఉష్ణోగ్రత 39.2 డిగ్రీలు, 2016 ఏప్రిల్ 24న. మామూలు ఏప్రిల్‌లో గరిష్ఠం 34 ప్రాంతంలో ఉంటుంది. ఇవి నీడలో కొలిచిన గాలి అంకెలు. మిద్దె మీద ఎండలో పరిచిన పీవీసీ పైపు సంగతి వేరు. ఏప్రిల్ మధ్యాహ్నం రెండు గంటలకు దాని మీద అరచెయ్యి ఆనించి చూడండి, ఎంతోసేపు ఉంచలేరు. దాని లోపల పల్చటి పొరలా పారే నీరు ఒక చివర నుంచి మరో చివరకు వెళ్ళేలోపే వేడెక్కుతుంది, తొట్టిలోకి తిరిగొచ్చి మిగతా నీటినీ వేడెక్కిస్తుంది. వేళ్ళకు హాయిగా ఉండేది 18 నుంచి 22 డిగ్రీలు. 25 దాటితే కాపలా పెంచాలి. 28 దాటి రోజుల తరబడి నిలిచిందంటే కుళ్ళు రాకపోవడమే విశేషం.

ఈదే బీజాలు

పిథియాన్ని చూడగానే బూజు అనిపిస్తుంది, శాస్త్రం లెక్కలో అది అసలైన శిలీంధ్రం కాదు. ఊమైసీట్లు అనే వేరే వర్గానిది, గోధుమ రంగు సముద్రపు నాచుకు దూరపు చుట్టం. దాని కణకవచం ప్రధానంగా సెల్యులోజుతో, గ్లూకాన్లతో కట్టింది. ఈ వంశవృక్షం గొడవ మనకెందుకు అనుకోకూడదు, కింద మందుల దగ్గర అదే అక్కరకొస్తుంది. బీహార్‌లోని పూసాలో ఇంపీరియల్ మైకాలజిస్టుగా (ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రవేత్తగా) పనిచేసిన ఇ.జె.బట్లర్ 1907లోనే పిథియం ప్రజాతి మీద పూర్తి స్థాయి గ్రంథం వెలువరించాడు. అదే రోజుల్లో బెంగళూరులోనూ ఈ వర్గం మీద పని జరిగింది. 1908లో మైసూరు సంస్థానానికి వచ్చిన కెనడా శాస్త్రవేత్త లెస్లీ కోల్మన్, మలెనాడు పోకతోటలను నాశనం చేస్తున్న ‘కొళె రోగ’కు ఫైటాఫ్తొరా కారణమని తేల్చి, బోర్డో మిశ్రమంతో అడ్డుకట్ట వేయించాడు. కన్నడంలో కొళె అంటే కుళ్ళే. ఫైటాఫ్తొరా పిథియానికి దగ్గరి బంధువు, హైడ్రోపోనిక్ తొట్టెల్లోనూ అప్పుడప్పుడు కనిపిస్తుంది.

ఈ వర్గం ఆయుధం ఈదే బీజం. రెండు కశాభాలతో, అంటే తోకలతో, నీటిలో కదిలి, వేరు కొసల నుంచి కారే చక్కెరల జాడ పట్టి అక్కడికి చేరుతుంది. చేరగానే తోకలు విడిచి గుండ్రంగా ముడుచుకుని, మొలకెత్తి, వేరులోకి దూరుతుంది. ఇదంతా గంటల్లో ముగిసే వ్యవహారం. వేడి కాలంలో విజృంభించేది పిథియం అఫానిడెర్మాటం. చల్లటి నీటిలో పిథియం డిస్సొటోకం వంటివి నెమ్మదిగా పనిచేస్తాయి. అమెరికాలోని అరిజోనాలో నీటిసాగు పాలకూరను ఈ రెండూ కుళ్ళబెడుతున్నాయని 1984లో బేట్స్, స్టాంఘెలీని చూపించారు. మనవాళ్ళలో చాలామంది మిద్దె మీద మొదట వేసేదీ పాలకూరే కావడం కాకతాళీయం, కానీ ఖరీదైన కాకతాళీయం. వేసవి నీటిసాగులో దానంత సుకుమారమైన ఆకుకూర మరొకటి లేదు.

నేలలో ఒక మొక్క కుళ్ళితే పక్క మొక్కకు చేరడానికి కొంత సమయం పడుతుంది. ఒకే తొట్టి నుంచి వంద మొక్కలకు నీరు తిరిగే చోట ఆ సమయం దొరకదు. ఊరంతటికీ ఒకే బావి ఉన్న రోజుల్లో కలరా ఎలా పాకేదో ఇదీ అలాగే.

బీజం లోపలికి వచ్చే దారులు మాత్రం చాలా మామూలువి. పాత ప్రోట్రేలు కడగకుండా మళ్ళీ వాడటం. మట్టి చేతులతో, మట్టి కత్తెరతో నెట్ పాట్ ముట్టుకోవడం. నర్సరీ నుంచి మట్టి నారు తెచ్చి, వేళ్ళు కడిగి పైపులో పెట్టడం. మూత లేని తొట్టిలో పడే దుమ్ము. తడి కోకోపీట్ మీద ఎగిరే సన్నటి నల్ల ఈగలు. వీటి పిల్లపురుగులు వేళ్ళు కొరికి గాయాలు చేస్తాయి, ఈగలు పిథియాన్ని ఒక కుండీ నుంచి మరో కుండీకి మోస్తాయి.

గుర్తుపట్టడం

వేరు గోధుమ రంగులో ఉన్నంత మాత్రాన కుళ్ళినట్టు కాదు. కోకోపీట్ నుంచి దిగే చాయరంగు, ఎరువులోని ఇనుప చిలేట్ల రంగు ఆరోగ్యమైన వేళ్ళకూ పడుతుంది. తేడా తెలుసుకోవడానికి కళ్ళకన్నా చేతివేళ్ళే మేలు. ఒక వేరును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా కిందికి లాగండి. గట్టిగా, బిగుతుగా ఉండి, కొస తెల్లగా ఉంటే అది రంగు పట్టిన మంచి వేరు. పై పొర మేజోడులా జారి చేతికొచ్చి, లోపల సన్నటి దారం ఒక్కటే వేలాడితే అది పిథియం పని. బయటి కండ కుళ్ళింది, నడుమ నాళాలు మిగిలాయి. తర్వాత వాసన. మంచి తొట్టి నీరు వాన పడ్డ నేలలా ఉంటుంది, లేదా అసలు వాసనే ఉండదు. కుళ్ళిన తొట్టి మూత తీయగానే మురుగు కాలవ గుర్తొస్తుంది.

మీటర్లు కూడా కొన్ని సూచనలిస్తాయి. మొక్కలు తాగడం తగ్గితే తొట్టి మట్టం రోజూ తగ్గినంత తగ్గదు. ఈసీ (నీటిలోని లవణాల బలం చెప్పే కొలత), పీహెచ్ రోజువారీ బాట తప్పుతాయి. ముదురు ఆకులు పసుపెక్కితే చాలామంది నత్రజని లోపమనుకుని పోషకాలు పెంచుతారు. లోపం తొట్టిలో లేదు, లాగే వేరులో ఉంది. పోషకాలు పెంచితే ఉప్పు పెరిగి, మిగిలిన వేళ్ళూ మాడతాయి.

నివారణ

మొదటి పని నీటిని చల్లగా ఉంచడం. పైపులకూ తొట్టికీ బయట తెల్ల రంగు, పైన 50 శాతం షేడ్ నెట్, తొట్టి మాత్రం మిద్దె మీద కాకుండా మెట్ల కింద నీడలోనో గోడ పక్కనో. వెలుతురు చొరని తొట్టిలో నాచూ పెరగదు. పెద్ద తొట్టి నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి 20 లీటర్ల బకెట్టు కన్నా 100 లీటర్ల డ్రమ్ము నయం. బెంగళూరు ఏప్రిల్ గాలి పొడిగా ఉంటుంది, రాత్రులు 22 డిగ్రీల ప్రాంతానికి దిగుతాయి. ఈ రెండూ మనకు కలిసొచ్చే సంగతులు. డ్రమ్ముకు తడి గోనెసంచి చుట్టి, గాలి తగిలేలా ఉంచితే మట్టికుండ సూత్రమే పనిచేస్తుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన లీటరు నీళ్ళ సీసా 50 లీటర్ల నీటిని సుమారు 2 డిగ్రీలు దించగలదు. మధ్యాహ్నం పన్నెండుకొకటి, రెండింటికొకటి వేస్తే ఎండ గండం గట్టెక్కుతుంది. పాలీహౌస్ నడిపేవాళ్ళు చిల్లర్లు పెట్టుకుంటారు. ఇంటి మిద్దెకు ఆ ఖర్చు అనవసరం, ఏప్రిల్, మే నెలల్లో పాలకూర మానేసి తోటకూర, గోంగూర మట్టి కుండీల్లో వేసుకోవడం తెలివైన పని.

రెండోది గాలి. వేళ్ళు నీటిలో మునిగి ఉండే లోతు తొట్టి పద్ధతిలో అక్వేరియం షాపులో దొరికే ఎయిర్ పంపు, ఎయిర్ స్టోను రాత్రీ పగలూ నడవాలి. పైపుల పద్ధతిలో తిరిగొచ్చే నీరు తొట్టిలోకి జానెడు ఎత్తు నుంచి గలగలా పడేలా అమరిస్తే, ఆ చప్పుడంతా ఉచితంగా కరుగుతున్న ఆక్సిజనే. పైపుకు వాలు తక్కువైతే నీరు నిలుస్తుంది, నిలిచిన చోటే మొదటి కుళ్ళు మొదలవుతుంది. ముదిరిన తులసి, పుదీనా వేళ్ళు పైపుకు అడ్డం పడితే అంతే. కరెంటు పోయినప్పుడు పైపుల పద్ధతిలో నిలవ నీరు లేనందున వేసవి మధ్యాహ్నం గంట రెండు గంటల్లోనే వేళ్ళు వాడిపోతాయి. లోతు తొట్టికి ఆ గండం ఆలస్యంగా వస్తుంది, ఈలోగా వేళ్ళు ఆక్సిజన్‌ను తాగేస్తాయి. చిన్న ఇన్వర్టరు రెండింటికీ పరిష్కారం.

పంపు లేని పద్ధతి కూడా ఉంది, హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ పేరుతో. డబ్బా నింపి మొక్క పెడితే, నీరు తగ్గేకొద్దీ పైన ఖాళీ ఏర్పడి, ఆ ఖాళీలో మొలిచే వేళ్ళు గాలి పీలుస్తాయి. కొత్తవాళ్ళు చేసే తప్పు ఒక్కటే: నీరు తగ్గిందని జాలిపడి డబ్బాను మళ్ళీ గొంతు దాకా నింపడం. గాలి వేళ్ళు మునిగిపోతాయి, రెండు రోజుల్లో మొక్క వాలిపోతుంది. తిరిగి పోయవలసి వస్తే సగానికి మించకూడదు.

మూడోది నీరు ఎక్కడిదన్న సంగతి. కావేరి కొళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది, వాడుకచోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని భారతీయ ప్రమాణం. కాబట్టి క్రిముల దృష్టితో అది మూత లేని సంపు నీటికన్నా, ట్యాంకరు నీటికన్నా మేలు. అయితే అమ్మోనియం ఉన్న ఎరువు కలిపితే ఆ క్లోరిన్ క్లోరమిన్‌గా మారి లెట్యూస్ వేళ్ళను గోధుమ రంగుకు తిప్పగలదు, చూసేవాళ్ళకు అది కుళ్ళులాగే కనిపిస్తుంది. రాత్రంతా వెడల్పు బకెట్టులో తెరిచి ఉంచితే ఆ బాధ తగ్గుతుంది. బోరు నీటిలో క్రిములు తక్కువ, గట్టి లవణాలు ఎక్కువ. 2024 మార్చిలో బోర్లు ఎండి, తాగునీటిని తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జల మండలి ప్రకటించినప్పుడు, వాన నీటిని పట్టి ఉంచుకున్నవాళ్ళ తొట్టెలు నిశ్చింతగా నడిచాయి. మిద్దె మీది వాన నీరు వాడేటప్పుడు మొదటి జల్లు వదిలేసి, తర్వాతి నీటిని ఇసుక ఫిల్టరులోంచి పంపాలి. నెమ్మదిగా, గంటకు చదరపు మీటరుకు 100 నుంచి 300 లీటర్ల చొప్పున దిగే ఇసుక పొర పిథియం, ఫైటాఫ్తొరా బీజాలను బాగా ఆపుతుంది. ఇసుక మీద పట్టే జీవపు పొరదే అందులో సగం పని. అల్ట్రావయొలెట్ దీపాలూ పనిచేస్తాయి. కాకపోతే అవి ఇనుప చిలేట్‌ను విరగ్గొడతాయి, ఆ తర్వాత లేత ఆకులు పాలిపోతుంటే ఇనుము మళ్ళీ కలపాలి.

మంచి సూక్ష్మజీవులను ముందే కాపురం పెట్టించడం నాలుగో మార్గం. ట్రైకోడెర్మాను మన రైతులు పశువుల ఎరువులో, వేపపిండిలో వృద్ధి చేసి నేలకు వేయడం ఎరుగుదురు. అది కోకోపీట్‌లోనూ బాగా స్థిరపడుతుంది. ఉత్త నీటిలో మాత్రం సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్, బాసిల్లస్ సబ్టిలిస్ వంటి బ్యాక్టీరియా నయం. పొడి రూపంలోనివి టాల్క్‌తో వస్తాయి, డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ద్రవ రూపంలోనివే కొనాలి. ఇవన్నీ రోగం రాకముందు వేస్తే కాపలాదారులు, వచ్చాక వేస్తే ప్రేక్షకులు.

చికిత్స

లెట్యూస్ నాటిన ముప్పై నలభై రోజుల్లో కోతకొస్తుంది. దాని వేళ్ళు సగం కుళ్ళాక బతికించడానికి పదిహేను రోజులు కష్టపడటం లెక్కకు రాదు. తీసేసి, తొట్టి కడిగి, కొత్త నారు పెట్టడమే చవక. టమాటా, క్యాప్సికం, మిరప లాంటి నెలల తరబడి కాసే మొక్కల కోసం మాత్రం ప్రయత్నించవచ్చు. తులసి, పుదీనాకైతే పైకొమ్మలు తుంచి కొత్త నీటిలో వేళ్ళు పట్టించుకోవడం ఇంకా సులువు.

ప్రయత్నించదలిస్తే వరస ఇలా ఉంటుంది. మొక్కను ఎత్తి, వేళ్ళను శుభ్రమైన చల్లటి నీటిలో కదుపుతూ కడిగితే కుళ్ళిన పీచు దానంతటదే రాలుతుంది. మిగిలిన మెత్తని భాగాన్ని స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో తీసేయాలి. వేళ్ళు ఎంత పోయాయో ఆకులూ అంత తగ్గించాలి, లేకపోతే పైన పదిమందికి వండాల్సిన పనిని కింద ఇద్దరి మీద వేసినట్టవుతుంది. పాత ద్రావణం మొత్తం పారబోయాలి. నేలలోని పెద్ద చెట్ల మొదట్లో పోయవచ్చు, నారుమళ్ళ దగ్గరికి మాత్రం తేకూడదు. పైపులు, తొట్టి, పంపు, ఎయిర్ స్టోను రుద్ది కడిగి, పల్చటి బ్లీచ్ నీటిలో అరగంట నానబెట్టి, వాసన పోయేదాకా కడగాలి. జిగురు పొర రుద్దకుండా బ్లీచ్ పోస్తే దాని కింద బీజాలు హాయిగా ఉంటాయి. బ్లీచ్‌నూ, పీహెచ్ తగ్గించడానికి వాడే ఫాస్ఫారిక్ ఆమ్లాన్నీ ఎప్పుడూ కలవనివ్వకూడదు, విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. బాత్‌రూములో తలుపు మూసి చేసే పని కాదిది. కొత్త ద్రావణం సగం బలంతో మొదలుపెట్టి, నాలుగైదు రోజులు మొక్కను నీడలో ఉంచాలి. అంతా సవ్యంగా ఉంటే వారం పది రోజుల్లో కాండం మొదట్లోంచి, పాత గోధుమ జడ పక్కనుంచి, బియ్యపు మొనల్లాంటి తెల్లటి కొసలు పొడుచుకొస్తాయి. ఆ కొసలు కనిపించేదాకా పోషకాలు పెంచే తొందర వద్దు.

మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడును లీటరుకు 2, 3 మిల్లీలీటర్ల చొప్పున తొట్టిలో కలపడం బాగా వాడుకలో ఉంది. అది ఈదే బీజాలను చంపుతుంది, విరిగి కొంత ఆక్సిజన్ విడుస్తుంది, ఒకటి రెండు రోజుల్లో మాయమవుతుంది. వేరు లోపల దాక్కున్న పిథియాన్ని తాకదు. మోతాదు మించితే లేత వేళ్ళే మాడతాయి. ట్రైకోడెర్మా వేసిన తొట్టిలో పెరాక్సైడు పోయడమంటే కాపలా పెట్టిన కుక్కకే విషం పెట్టడం. ముందు పెరాక్సైడు, అది విరిగిపోయాక రెండు మూడు రోజులకు మంచి బ్యాక్టీరియా, ఆ వరసలోనే సాగాలి.

ఇక తెగుళ్ళ మందులు. పిథియం అసలైన శిలీంధ్రం కాదన్న మాట ఇక్కడ అక్కరకొస్తుంది. ఎరువుల కొట్టులో ‘కుళ్ళు’ అనగానే చేతిలో పెట్టే కార్బెండాజిమ్ పిథియం మీద పనిచేయదు. శిలీంధ్రాల ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డుకునే హెక్సాకొనజోల్ రకం మందులకూ ఇక్కడ పని లేదు, ఎందుకంటే పిథియం ఆ పదార్థాన్ని తయారుచేసుకోదు. నారుకుళ్ళుకు మన రైతులు మడి తడిపే కాపర్ ఆక్సీక్లోరైడు లీటరుకు 3 గ్రాములు మట్టిలో సరే. అందులో సగం రాగి. తొట్టిలో మొక్కకు కావలసిన రాగి లీటరుకు మిల్లీగ్రాములో నూరో వంతుల్లో ఉంటుంది, కాబట్టి ఆ మోతాదు వేళ్ళకు నేరుగా విషం. మెటలాక్సిల్, ఫొసెటైల్ అల్యూమినియం ఊమైసీట్ల మీద నిజంగా పనిచేసేవే. కానీ మెటలాక్సిల్‌కు లొంగని పిథియం రకాలు ఎన్నో దేశాల్లో తయారయ్యాయి. పైగా నెలలో కోసి పచ్చిగా తినే ఆకు, తిరిగి తిరిగి అదే నీరు తాగుతుంటే, అందులో అంతర్వాహిక మందు పోయడం ఏ లెక్కలోనూ సమర్థనీయం కాదు. ఇంటి మిద్దె మీద వీటి జోలికి పోకపోవడమే మంచిది.

జూన్‌లో వానలు మొదలవగానే ఎండ బాధ తీరిందనుకుంటారు. అప్పుడే నల్ల ఈగలు పెరుగుతాయి, మూత లేని తొట్టిలో వాన పడి ద్రావణం పల్చబడుతుంది, మిద్దె మీది దుమ్మంతా అందులోకి దిగుతుంది. పంట పంటకూ మధ్య పైపులన్నీ విప్పి, లోపల బాటిల్ బ్రష్ తోసి కడిగి, ఎండ కాసిన ఒక పూట బోర్లించి ఆరబెట్టేవాళ్ళకు ఈ కాలం సాఫీగా వెళ్ళిపోతుంది. ఈదే బీజం ఆరిన చోట బతకలేదు. మందపాటి గోడ కట్టుకున్న విశ్రాంతి బీజం బతుకుతుంది, అందుకే ముందు బ్రష్, ఆ తర్వాతే ఎండ.